పెళ్లయిందా? అయితే నువ్వు పేదదానివి కాదమ్మా

ఈ దేశంలో ఆడపిల్ల పేరు మీద ఇల్లుండదు, పొలముండదు. అది పాత సంగతి. పేదరికం కూడా ఆమె పేరు మీద ఉండదన్నది మాత్రం స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడితే గానీ తెలిసిరాదు. పెళ్లయ్యేదాకా నాన్న బీదవాడైతే ఆమె బీదది. పెళ్లయ్యాక మొగుడు బీదవాడైతే ఆమె బీదది. అసలు ఆమె చేతిలో జిరాక్సుకి డబ్బులున్నాయా లేదా అన్నది ఏ రిజిస్టరుకీ ఎక్కదు.

పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటే చిన్నాచితకా వ్యవహారం కాదు. ఎస్సీ విద్యార్థుల పథకం ఒక్కదానికే 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 59,048 కోట్ల రూపాయలు ఖరారు చేసింది. అంత డబ్బు పంచే పథకం మార్గదర్శకాల్లో ఆదాయం ఎలా లెక్కకట్టాలో చెప్పే ముక్క ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు బతికున్నా వాళ్ల ఆదాయమే చూడాలి, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నా కలపకూడదు. ఎంత ఉదారం! అన్న జీతం చెల్లెలి చదువుకి అడ్డు రాకూడదని ఎవరో పుణ్యాత్ముడు ఆలోచించి రాశాడు. అక్కడితో కలం మూసేస్తే బాగుండేది. ‘తల్లిదండ్రులు’ అన్నచోట ఒక బ్రాకెట్టు తెరిచి, ఉద్యోగం లేని వివాహిత విద్యార్థిని అయితే భర్త ఆదాయం అని రాసి, బ్రాకెట్టు మూశాడు. పెళ్లికొడుకు గుర్రమెక్కి వస్తాడని సినిమాల్లో చూశాం. సర్కారీ పెళ్లికొడుకు బ్రాకెట్లో కూర్చుని వచ్చాడు.

వస్తూ వస్తూ రెండున్నర లక్షల గీత కూడా వెంట తెచ్చుకున్నాడు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటితే స్కాలర్‌షిప్ లేదు. నెలకి పంచితే 20,833 రూపాయలు. కూలికి పోయే తండ్రి ఇంట్లో ఉన్నన్నాళ్లూ నిఖార్సయిన పేదగా గుర్తింపు పొందిన పిల్ల, నెలకి 21 వేలు తెచ్చుకునే సేల్స్‌మేన్‌తో తాళి కట్టించుకున్న ముహూర్తానికే 167 రూపాయల తేడాతో ధనవంతురాలైపోతుంది. ఆ 21 వేలల్లో ఎల్బీనగర్‌లో గది అద్దె, బండి ఈఎంఐ, ఊళ్లో అత్తగారి బీపీ మాత్రలు పోగా మిగిలేదెంత అంటారా? మీరు ఆర్థికశాస్త్రం అడుగుతున్నారు. ప్రభుత్వం చూసేది శుభలేఖ.

‘భర్త పోషిస్తాడు కదా, అందుకే ఆయన ఆదాయం’ అంటారు నిబంధనలు రాసేవాళ్లు. వీళ్లెప్పుడూ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు లేదు. ‘పిల్ల డిగ్రీ మధ్యలో ఉందండీ’ అని తండ్రి నసుగుతాడు. ‘దానికేం, పెళ్లయ్యాక చదువుకోనిస్తాం’ అంటారు అవతలివాళ్లు, పెద్దమనసుతో. చదువుకోనిస్తాం అంటారు. చదివిస్తాం అన్న వియ్యంకుడిని చూపించండి, ఊరేగిద్దాం. పెళ్లయిన పిల్ల ఫీజు ఇప్పటికీ చాలా ఇళ్లల్లో పుట్టింటివాళ్లే కడతారు, కట్నం కిస్తీల పక్కన ఇంకో కిస్తీగా. కట్టే తండ్రి ఆదాయం లెక్కలోకి రాదు, కట్టని మొగుడి ఆదాయం లెక్కలోకి వస్తుంది. దీన్ని మన అధికారులు ‘లబ్ధిదారుల ఎంపికలో శాస్త్రీయత’ అంటారు.

తెలంగాణలో ఏ మండల కేంద్రంలోనైనా మీసేవ కౌంటర్ దగ్గర ఒక అరగంట నిలబడితే ఆ శాస్త్రీయత కళ్లారా కనిపిస్తుంది. ఆదాయ ధ్రువపత్రం కోసం ఒక పిల్ల వచ్చిందనుకోండి. నడిచే సంభాషణ ఇలా ఉంటుంది.

‘పెండ్లయిందా అమ్మా?’

‘అయిందన్నా. పోయినేడు.’

‘మరి మీ నాయన ఆధార్ తెచ్చినవేంది? మీ ఆయనది తేవాలె.’

‘ఫీజు మా నాయనే కడుతుండన్నా.’

‘ఎవరు కడితేంది? మీ నాయనది వెడ్తే రిజెక్ట్ అయితది.’

సరేనని పిల్ల మొగుడి కార్డు వెతుక్కుంటుంది. పీజీకి సెంట్రల్ యూనివర్సిటీలో అప్లై చేస్తోంది కాబట్టి ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ సర్టిఫికెట్ కూడా కావాలంటుంది.

‘దానికి మీ నాయనదే వెట్టాలె.’

‘ఇప్పుడే గదన్నా నాయనది నడ్వదంటివి?’

‘గది వేరే, గిది వేరే.’

ఆపరేటర్‌ని తప్పుపట్టకండి. ఆ కౌంటర్‌లో అబద్ధం చెప్పనివాడు అతనొక్కడే. ఎస్టీ, బీసీ పథకాల్లోకి కూడా స్కాలర్‌షిప్ బ్రాకెట్టు అచ్చం అలాగే దిగింది కాబట్టి ఒక కాగితానికి మొగుడు కావాలి. క్రీమీలేయర్ సంగతికొస్తే, 1993 నాటి ఉత్తర్వుల మీద 2004లో కేంద్రం తేటతెల్లంగా వివరణ ఇచ్చింది: అభ్యర్థి తల్లిదండ్రుల హోదానే చూడాలి, అభ్యర్థి సొంత ఆదాయం గానీ జీవిత భాగస్వామి ఆదాయం గానీ చూడకూడదు. కాబట్టి ఇంకో కాగితానికి నాన్న కావాలి. అదే పిల్ల ఓసీ ఇంట్లో పుట్టి, 2019లో వచ్చిన పది శాతం కోటాలో ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ అడిగిందనుకోండి. అక్కడ ‘కుటుంబం’ అంటే తల్లిదండ్రులు, పద్దెనిమిదేళ్లలోపు తోబుట్టువులు, జీవిత భాగస్వామి, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు అందరూ. పుట్టిల్లూ మెట్టిల్లూ రెండూ కలిపి కూడేస్తారు. ఒకటే ప్రభుత్వం, ఒకటే తహసీల్దారు డిజిటల్ సంతకం. ఒక కాగితం ప్రకారం పెళ్లి జరిగింది, ఇంకో కాగితం ప్రకారం జరిగినా పట్టింపు లేదు, మూడో కాగితం ప్రకారం పెళ్లికూతురు రెండిళ్లల్లోనూ కాపురముంటోంది.

ఇక్కడ మగపిల్లాడి వైభవం చెప్పకపోతే పాపం తగులుతుంది. వాడికీ పెళ్లయింది. వాడూ ఎంటెక్ చదువుతున్నాడు. పెళ్లాం గచ్చిబౌలిలో నెలకి లక్ష తెస్తోంది. నాన్నకి ఊళ్లో రెండెకరాల మెట్ట. బ్రాకెట్టు మళ్లీ చదవండి. అందులో వివాహిత విద్యార్థిని ఉంది. వివాహిత విద్యార్థి లేడు. కాబట్టి వాడి ఆదాయం నాన్న మెట్ట పొలమే. వాడు ఆ లక్షతో కొన్న ఫోన్‌లోంచే స్కాలర్‌షిప్ ఫారం నింపుతాడు, నిబంధనలకి పూర్తిగా లోబడి. మగవాడికి పెళ్లి కేవలం వ్యక్తిగత విషయం. ఎన్ని ముడులు వేసినా వాడు నాన్న కొడుకే, నాన్న పేదరికానికి ఏకైక వారసుడే.

మొగుడు పోతే ఏం చేయాలో కూడా రాసిపెట్టారు, మన వ్యవస్థకి ముందుచూపు ఎక్కువ. అప్పుడు ఆమెను చదివిస్తున్న సంరక్షకుడి ఆదాయం చూడాలట. మొగుడు బతికుండి వదిలేసిపోతే? ఆ వాక్యం అడిగేది బతికున్నాడా లేదా అని మాత్రమే, ఇంట్లో ఉన్నాడా అని కాదు. ఎక్కడో సూరత్‌లో ఇంకో సంసారం పెట్టుకున్నవాడి జీతం వల్ల ఇక్కడ సూర్యాపేటలో ఒక పిల్ల ధనికురాలు. మనువుని తిట్టి తిట్టి అలిసిపోయిన పెద్దలు కాస్త ఈ మార్గదర్శకాలు కూడా తిరగేయండి. ఆయనకి పాపం ఎక్సెల్ షీటు రాదు. మన సచివాలయానికి వచ్చు.

మరి ఇదే ప్రభుత్వం పెళ్లి వ్యతిరేకా అంటే, అబ్బే. పెళ్లంటే ప్రాణం పెడుతుంది. తెలంగాణలో 2014 అక్టోబరు 2న కల్యాణలక్ష్మి మొదలైంది, 51 వేలతో. 2017లో 75,116 అయింది. 2018కల్లా 1,00,116. చివర 116 ఉందంటే గమనించండి, అది బడ్జెట్ అంకె కాదు, చదివింపులు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరు నుంచి కల్యాణమస్తు అమలైంది, వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతుతో. మంచి షరతే. పదిదాకా చదివితే సర్కారు దగ్గరుండి పెళ్లి చేస్తుంది. పెళ్లయ్యాక పదకొండు చదువుతానంటే మాత్రం మొగుడి పే స్లిప్ అడుగుతుంది.

పెళ్లికి ఇచ్చే చెయ్యి, చదువుకి అడ్డుపడే చెయ్యి, ఈ రెండూ ఒకదానికొకటి తగిలిన ముచ్చట 2019లో చూశాం. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల మహిళా డిగ్రీ కాలేజీల్లో ఆ ఏడాది ప్రవేశాలకి పిలుస్తూ, అవివాహితలే దరఖాస్తు చేసుకోవాలని ప్రకటన ఇచ్చారు. కారణం అడిగితే సంస్థ తరఫున వచ్చిన జవాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు: పెళ్లయినవాళ్లని చేర్చుకుంటే వారానికో పక్షానికో మొగుళ్లు చూడటానికి వస్తారు, మిగతా పిల్లల ధ్యాస చెదురుతుంది. అంటే వచ్చేవాడు మొగుడు, చెదిరేది పక్క పిల్లల మనసు, సీటు పోయేది పెళ్లానికి. కనీసం మొగుళ్లకి విజిటింగ్ అవర్స్ పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ తట్టలేదు. గొడవయ్యాక ఇంకో వాదన ముందుకొచ్చింది, బాల్యవివాహాల గొలుసు తెంచడానికే ఈ కాలేజీలు పెట్టామని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. తలుపు తట్టే హక్కు అందరికంటే ముందుగా ఉన్నది వీళ్లకి. పదిహేడేళ్లకి ఎవరో కట్టిన తాళికి శిక్షగా పద్దెనిమిదేళ్లకి హాస్టల్ మంచం కూడా తీసేస్తే గొలుసు ఎక్కడ తెగిందో నాకర్థం కాలేదు. పెళ్లి చేసిన పెద్దలకి ఇబ్బంది లేదు, కట్టినవాడికి లేదు. కట్టించుకున్నది మాత్రం అనర్హురాలు.

ఇంత జరుగుతుంటే చట్టం ఏం చేస్తోందని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ప్రదేశం అనే అయిదు కారణాల మీద మాత్రమే వివక్ష చూపకూడదంటుంది. వైవాహిక స్థితి ఆ జాబితాలో లేదు. లింగం ఉంది కదా అంటే, ‘ఆడదానివని కాదమ్మా, పెళ్లయిన ఆడదానివని’ అనే తెలివైన సందు ఒకటి తవ్వి పెట్టారు. 1981లో ఎయిర్ ఇండియా ఎయిర్‌హోస్టెస్ నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా దాదాపు అదే: నిషేధం కేవలం లింగం మీద చూపే వివక్షకి, లింగానికి ఇంకేదైనా జతపడితే సంగతి వేరు. మొదటి గర్భానికే ఉద్యోగం తీసేసే నిబంధనని కొట్టేసిన ఆ తీర్పే, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఇంటికి పంపే నిబంధనని నిలబెట్టింది. ఆరోగ్యానికి మంచిదట, కుటుంబ నియంత్రణకీ సాయమట. అంతకు రెండేళ్ల ముందే, 1979లో, విదేశాంగ సర్వీసులో మహిళలు పెళ్లికి ప్రభుత్వ అనుమతి అడగాలన్న నిబంధన మీద ఆ సర్వీసు అధికారిణి సి.బి.ముత్తమ్మ పోరాడినప్పుడు జస్టిస్ కృష్ణయ్యర్ సూటిగానే అన్నారు, సంసారం పనికి అడ్డమైతే అది మగ ఉద్యోగికీ అడ్డమే కదా అని. ఆ మాట బాగుందని అందరూ మెచ్చుకుని పక్కన పెట్టారు. మిలిటరీ నర్సు సెలీనా జాన్‌ని పెళ్లి చేసుకున్నందుకు 1988లో ఉద్యోగం నుంచి తీసేస్తే, అది తప్పని చెప్పి 60 లక్షలు ఇప్పించడానికి సుప్రీంకోర్టుకి 2024 దాకా పట్టింది. ముప్పై ఆరేళ్లు. ఆ లెక్కన ఇవాళ స్కాలర్‌షిప్ రద్దయిన పిల్ల కేసు వేస్తే, తీర్పు కాపీ మనవరాలి ఫీజుకి పనికొస్తుంది.

అమెరికాలో ఎలా ఉందో చెప్పమని మనవాళ్లకి ఒక సరదా. అక్కడ 1974లోనే అప్పు ఇచ్చే దగ్గర పెళ్లయిందా లేదా అని వివక్ష చూపకూడదని చట్టం చేశారు. తర్వాత దానికే ఒక కిటికీ కూడా తెరిచారు: అవసరాన్ని బట్టి ఇచ్చే ప్రత్యేక రుణాల్లో పెళ్లి సంగతీ భాగస్వామి సంపాదనా అడగొచ్చు. ఫెడరల్ సాయానికి నింపే ఫాఫ్సా ఫారంలో అదే చేస్తారు. ఇరవై నాలుగేళ్లు నిండని డిగ్రీ విద్యార్థి పెళ్లి కాకపోతే సాధారణంగా అమ్మానాన్నల ఆదాయం చెప్పాలి, పెళ్లయితే చెప్పనక్కర్లేదు, భాగస్వామిది చెబితే చాలు. డల్లాస్‌లో మన సాఫ్ట్‌వేర్ తండ్రులు, పాతికేళ్లుగా ‘చదువయ్యాకే పెళ్లి’ అని పిల్లల్ని వాయించినవాళ్లు, ఆ ఫారం ముందు కూర్చుని ఒక్కక్షణం పంచాంగం గుర్తు చేసుకోకుండా ఉండలేరు. అప్పు తీర్చేటప్పుడు ఇంకో వినోదం. ఆదాయాన్ని బట్టి కిస్తీ కట్టే పథకాల్లో మొగుడూపెళ్లాలు కలిసి పన్ను రిటర్న్ వేస్తే ఇద్దరి జీతాలూ కలిసి కిస్తీ పెరుగుతుంది. అందుకని ఒకే మంచం మీద పడుకుని విడివిడిగా రిటర్న్‌లు వేసే జంటలు లెక్కలేనన్ని. అదీ గొప్ప న్యాయమేమీ కాదు. కాకపోతే ఒక్క తేడా: ఆ ఫారం మొగుడినీ అడుగుతుంది, పెళ్లాన్నీ అడుగుతుంది. బ్రాకెట్లో ఒక్క ఆడపిల్లనే కూర్చోబెట్టలేదు.

స్కాలర్‌షిప్ పోతే పోయింది, బ్యాంకులో చదువు అప్పు తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు. బ్యాంకుల సంఘం నమూనా పథకంలో సహ రుణగ్రహీతగా తల్లిదండ్రి ఉండాలి. పెళ్లయినవాళ్లకైతే భాగస్వామో, తల్లిదండ్రులో, అత్తమామలో ఉండొచ్చు. ఇక్కడైనా కాగితం మీద ఆడా మగా తేడా లేదు, సంతోషం. ఇక కోడలి ఎంబీఏ అప్పుకి సంతకం పెట్టమని మామగారిని ఎలా అడగాలో ఆ పథకంలో రాయలేదు. ‘మామయ్యా, ఇక్కడొక చిన్న సంతకం’ అన్న వాక్యం తెలుగిళ్లలో పలికిన కోడలు ఎవరైనా ఉంటే ఆమెకి మేనేజ్‌మెంట్ డిగ్రీ అక్కర్లేదు, ఆల్రెడీ ఉన్నట్టే.

ఆడమనిషిని ఆడమనిషిగా లెక్కపెట్టడం ప్రభుత్వానికి చేతకాదా అంటే, భేషుగ్గా వచ్చు. ఆర్టీసీ బస్సెక్కండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి చార్జీ లేదు. కండక్టరు ఆధార్ చూస్తాడు, జీరో టికెట్ కొడతాడు, ముందుకెళ్లమంటాడు. పెళ్లయిందా, మీ ఆయన ఎంత తెస్తాడు, మీ మామకి కారుందా అని ఏ కండక్టరూ అడగలేదు. కాలేజీ దాకా ఉచితంగా దింపుతారు. కాలేజీ గేటు దాటాకే మొగుడి జీతం గుర్తొస్తుంది.

అలాగని నిబంధన మార్చమని ఏ మంత్రికీ వినతిపత్రం ఇచ్చే ఉద్దేశం లేదు నాకు. మార్చితే మగపిల్లాడికీ బ్రాకెట్టు పెట్టాలి, గచ్చిబౌలి పెళ్లాల జీతాలు లెక్కలోకి తేవాలి, లేదా విద్యార్థినిని విద్యార్థినిగా చూసి, ఫీజు ఎవరు కడుతున్నారని ఒక్క ప్రశ్న అడగాలి. రెండూ పెద్ద పనులు. నేను అడిగేది చిన్నది. మొగుడి ఆదాయం పెళ్లాం ఆదాయమే అని ప్రభుత్వం నిజంగా నమ్ముతుంటే, ఆ నమ్మకాన్ని సగంలో ఆపకండి. మొగుడి ఇంటర్ మార్కులు ఆమె మార్కుల్లో కలపండి. అతని బీటెక్‌కి ఆమె పేరున కూడా ఒక పట్టా ఇవ్వండి. అతను రాసిన గ్రూప్‌-2 ప్రిలిమ్స్ ఆమె కూడా రాసినట్టు హాల్‌టికెట్ మీద ముద్ర వేయండి. మీసేవలో సర్వీస్ చార్జీ ఎంతయినా కట్టుకుంటాం. ఆపరేటర్‌కి ముందే చెప్పి ఉంచండి, పట్టాకి ఎవరి ఆధార్ పెట్టాలో మళ్లీ తిరగ్గొట్టకుండా.